‘దొంగ’ అని రాసేశాను, ఇప్పుడెలా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం కోశాధికారి నాలుగు నెలలుగా లెక్కలు చూపించడం లేదు. ఒళ్లు మండి వాట్సాప్ గ్రూపులో ‘ఈ దొంగ మన డబ్బంతా తినేశాడు’ అని రాసి, ఆయన కుటుంబంతో దిగిన ఫొటో కూడా పెట్టాను. పరువు నష్టం కేసు వేస్తానంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. మనకు వాక్ స్వాతంత్ర్యం లేదా మేడమ్?
– ఒక పాఠకుడు

జవాబు: ఉందండీ. లెక్కలు అడిగే హక్కూ ఉంది. కానీ మీరు అడగడం మానేసి ఏకంగా తీర్పు చెప్పేశారు.

నేను చాలా ఏళ్లు పత్రిక డెస్క్‌లో పనిచేశాను. కొత్తలో ఒక వార్తకి ‘కాజేశారని ఆరోపణ’ అన్న హెడ్డింగ్ కాలమ్‌లో పట్టక ‘కాజేశారు’ అని కుదించాను. మర్నాడు ఆ మనిషి పేపరు తెచ్చి నా బల్ల మీద పరిచి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి, ‘రుజువేదమ్మా?’ అన్నాడు. నా దగ్గర లేదు. లోపలి పేజీలో అగ్గిపెట్టెంత సవరణ వేశాం. ఎంతమంది చూసుంటారు! అప్పట్లో రాతకీ అచ్చుకీ మధ్య కొన్ని గంటలు, ఇంకో ఇద్దరి కళ్లు ఉండేవి (నా హెడ్డింగ్ వాళ్లనీ దాటిపోయిందనుకోండి). మీ చేతిలో ఉన్న ఫోన్‌కి అదీ లేదు.

రాజ్యాంగం 19(1)(ఎ)లో ఇచ్చిన స్వేచ్ఛకు 19(2)లో హద్దులున్నాయి. పరువు నష్టం వాటిలో ఒకటి. 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది కాబట్టి ఆన్‌లైన్‌లో ఏం రాసినా చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. ‘చిరాకు’, ‘అసౌకర్యం’ లాంటి అంతూపొంతూ లేని మాటలతో ఎవరినైనా లోపలేసే వీలుందని దాన్ని కొట్టేశారు. పరువు నష్టం మాత్రం నేరమే. 2016లో అదే కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. రెండేళ్ల వరకూ జైలు పడొచ్చు.

‘నిజమే రాశాను’ అనడం ఒక్కటే సరిపోదు. మాట నిజమవ్వాలి, నలుగురి మేలు కోసం చెప్పిందీ అవ్వాలి. లెక్కలు చూపించలేదని చెప్పడం అందరికీ మేలే. ‘తినేశాడు’ అన్నది నిజమని మీకెలా తెలుసు? లెక్కలే చూడలేదంటున్నారుగా!

ఆ ఫొటో సంగతే నాకు మింగుడు పడలేదు. ఆయన భార్యాపిల్లలు ఏ లెక్కలు దాచారని? అది ముందు తీసేయండి.

మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, గ్రూపులోంచి డిలీట్ చేయండి. ‘దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను’ అని ఒక్క వాక్యం రాయండి. దాని కిందే, ‘నాలుగు నెలల లెక్కలు సభ్యులకు ఇంకా చూపించలేదు. ఏ తేదీన చూపిస్తారో చెప్పండి’ అని అడగండి. దానికి ఆయన జవాబు చెప్పుకోవాల్సిందే. లాయరు నోటీసు వస్తే మాత్రం మీరూ ఒక లాయరుకు చూపించకుండా బదులు రాయకండి. ముఖ్యంగా అర్ధరాత్రి పూట.