ఇక్కడ బెట్టింగ్ లీగలే కదా అన్నా?

ఐపీఎల్ రోజుల్లో మా ఇంట్లో ఆదివారం పొద్దున్నే సందడి. మన దగ్గర రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ కెనడాలో మేముండే విండ్సర్‌లో ఉదయం పది గంటలకు వస్తుంది. యూనివర్సిటీ దగ్గర బేస్‌మెంట్లలో ఉండే పిల్లలు నలుగురైదుగురు వస్తారు, ఇడ్లీలు తింటూ చూస్తారు. గత సీజన్‌లో ఒక అబ్బాయి మాత్రం టీవీ వైపు చూడటం లేదు. ఓవర్ అయినప్పుడల్లా ఫోన్‌లో ఏదో నొక్కుతున్నాడు. ఏంటి నాన్నా అని అడిగితే నవ్వేసి, "ఇక్కడ లీగలే కదా అన్నా" అన్నాడు. చదువుకోవడానికి వచ్చి ఎనిమిది నెలలే అయింది అతనికి.

ఆ ప్రశ్నకు ఆ పూట నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. నలుగురిలో అడిగాడు, చిన్నబోతాడని ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, అతనికీ, ఈ సెప్టెంబర్‌లో దిగబోయే మిగతా పిల్లలకీ.

లీగలే. మా ఊరున్న ఒంటారియో రాష్ట్రంలో 19 ఏళ్లు నిండినవాళ్లు, ఒంటారియో గడ్డ మీద ఉండి, ప్రభుత్వం దగ్గర నమోదైన సైట్లలో ఒక్క మ్యాచ్ మీద పందెం కాయవచ్చు. కానీ ఇది ఎప్పటినుంచో ఉన్న వెసులుబాటు కాదు. నేను ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్లు. అందులో మొదటి ఏళ్లన్నీ ఇది నేరమే. ప్రభుత్వ లాటరీ వాళ్ల ప్రోలైన్ టికెట్ ఒకటి ఉండేది. దాంట్లో కనీసం రెండు మూడు ఆటల ఫలితాలు కలిపి చెప్పాలి, అన్నీ నిజమైతేనే డబ్బు. దీన్నే పార్లే అంటారు. ఒక్క ఆట మీదే పందెం తీసుకోవడాన్ని క్రిమినల్ కోడ్ 207వ సెక్షన్ ఏ రాష్ట్రానికీ అనుమతించలేదు.

దాన్ని మార్చాలన్న పోరాటం పుట్టింది మా ఊళ్లోనే. విండ్సర్‌కు ఎదురుగా నది, నది దాటితే డెట్రాయిట్. ఇక్కడి కాసినోలో వేలమందికి బతుకుతెరువు. అమెరికా వాళ్లు బయట నుంచి వచ్చి ఆడితేనే అది నడుస్తుంది. అందుకే మా ఎంపీ జో కొమార్టిన్ 2011లో సి-290 బిల్లు పెట్టారు. 2012లో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ ఆమోదించింది. ఎగువ సభ అయిన సెనేట్‌లో మూడేళ్లు నానింది, 2015 ఎన్నికలతో పోయింది. తర్వాత మా ఊరి ఇంకో ఎంపీ బ్రయన్ మాస్ సి-221 తెచ్చారు. 2016లో 156-133 తేడాతో ఓడిపోయింది. అప్పట్లో పెద్ద లీగ్‌లు దీన్ని వ్యతిరేకించేవి. ఒక్క ఆట మీద పందేలు వస్తే ఒకే ఒక్క ఆటగాడిని కొని మ్యాచ్ మార్చేయొచ్చని వాటి భయం.

2018లో అమెరికా సుప్రీంకోర్టు అక్కడి నిషేధాన్ని కొట్టేశాక గాలి తిరిగింది. 2020 మార్చిలో డెట్రాయిట్ కాసినోల్లో పందెం కౌంటర్లు తెరుచుకున్నాయి, మా కిటికీలోంచి కనిపించేంత దూరంలో. అదే ఏడాది జూన్‌లో హాకీ, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, సాకర్, కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్‌ల కమిషనర్లు కలిసి, ఈసారి మార్పు కావాలని ప్రకటించారు. సస్కటూన్ ఎంపీ కెవిన్ వా తెచ్చిన సి-218 బిల్లు 2021 ఏప్రిల్‌లో 303-15తో కామన్స్ దాటింది, జూన్‌లో సెనేట్ దాటింది, ఆగస్టు 27న అమల్లోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఒంటారియో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది.

అప్పుడు నేను ఈ బిల్లుకు మనస్ఫూర్తిగా అనుకూలం. బుకీల చేతికీ, ఎక్కడో దీవుల్లో ఉన్న వెబ్‌సైట్ల చేతికీ పోతున్న డబ్బు ఇక్కడే ఉంటుంది, దానికి ఒక లెక్క, ఒక ఫిర్యాదు చోటు ఉంటాయి అన్నారు. అది నిజమే, ఇప్పటికీ నిజమే. ఆడేవాడికీ మేలు అన్నారు. ఆ మాట దగ్గరే నేను లెక్క వేసుకోలేదు. మీరైనా వేసుకోండి.

రెండు జట్లూ సమానంగా ఉన్నాయనుకోండి. యాప్‌లో ఇద్దరి పక్కనా 1.91 అని కనిపిస్తుంది. వంద డాలర్లు పెట్టి గెలిస్తే 191 వస్తాయి. ఇద్దరి మీదా చెరో వంద పెడితే మీ చేతి నుంచి 200 పోయి 191 తిరిగొస్తాయి. ఆ తొమ్మిది డాలర్లు కంపెనీవి, అంటే వందకు నాలుగున్నర. నష్టం లేకుండా బయటపడాలన్నా వందలో 52 కంటే ఎక్కువ సార్లు గెలవాలి. అదే మూడు ఆటలు కలిపిన పార్లేలో అయితే వందకు దాదాపు పదమూడు పోతాయి. కాబట్టి ఒక్క మ్యాచ్ పందెం పాత టికెట్ కంటే నయమన్నది కాగితం మీద నిజం.

అయితే పాత టికెట్ కొనాలంటే చలిలో కొట్టుదాకా నడవాలి, ఫలితం కోసం రాత్రంతా ఆగాలి. వారానికి ఒకటో రెండో. ఇప్పుడు తర్వాతి ఓవర్‌లో ఎన్ని పరుగులు, తర్వాతి వికెట్ ఎలా పడుతుంది అని ఒక్క మ్యాచ్‌లోనే యాభై సార్లు కాయొచ్చు. వందకు నాలుగున్నర అన్నది ఒక్కసారి పోయేది కాదు, నొక్కిన ప్రతిసారీ పోయేది. ఇరవై డాలర్ల పందెం వంద సార్లు కాస్తే సగటున తొంభై డాలర్లు పోయినట్టే, అదీ మీరు తెలివిగా ఆడారనుకుంటే. ఓడిన కోపంలో రెట్టింపు పెట్టడం మొదలైతే ఈ లెక్క కూడా ఆగదు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. ఏ పార్లే ఆడేవాడికి అన్యాయమని చెప్పి చట్టం మార్చారో, ఆ పార్లేనే యాప్‌లు ఇప్పుడు ముందు పేజీలో పెడుతున్నాయి. ఒకే మ్యాచ్‌లో నాలుగు విషయాలు కలిపి కాయమంటాయి, పెద్ద అంకె చూపిస్తాయి. ఆ పెద్ద అంకె చూసి ఇరవై ఏళ్ల కుర్రాడు పడిపోకుండా ఎలా ఉంటాడు?

నేను భీమవరం వైపు వాణ్ని. సంక్రాంతికి బరుల దగ్గర పందేలు చూస్తూ పెరిగాను. ఆ మూడు రోజులూ ఎవరు ఎంత పోగొట్టుకున్నారో ఊరందరికీ తెలిసేది. బావగారో, మేనమామో వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవారు. ఇక్కడ బేస్‌మెంట్ గదిలో దుప్పటి కప్పుకుని ఆడితే పక్క మంచం మీద పడుకున్నవాడికి కూడా తెలియదు.

ఇప్పుడు డబ్బు సంగతి. చదువుకు వచ్చినవాళ్లు చాలామంది వీసా కోసం జీఐసీ, అంటే ఇక్కడి బ్యాంకులో ముందే వేసే ఖర్చుల డిపాజిట్, కట్టి వస్తారు. 2024కు ముందు అది పదివేల డాలర్లు. 2025 సెప్టెంబర్ నుంచి 22,895. అది మీకు నెలనెలా వాయిదాల్లో వస్తుంది, అద్దెకూ తిండికీ. ఆ వాయిదా పడిన రోజే పందెంలో పోతే, ఆ నెల అద్దె ఇంకెక్కడి నుంచీ రాదు. క్రెడిట్ కార్డుతో పందెం ఖాతాలో డబ్బు వేస్తే చాలా బ్యాంకులు దాన్ని నగదు తీసుకున్నట్టే లెక్క కడతాయి. కొనుగోళ్లకు ఉండే ఇరవై ఒక్క రోజుల గడువు దానికి ఉండదు, వడ్డీ ఆ రోజు నుంచే మొదలు. స్టడీ పర్మిట్ పొడిగింపుకు మళ్లీ ఖర్చులకు డబ్బుందని చూపించాలన్న సంగతి కూడా మరిచిపోకండి.

ఇంటి నుంచి ఫీజుకని తెప్పించుకుని ఇందులో పెట్టడం ఇంకా తప్పు. లాటరీ టికెట్లకు, ఫుట్‌బాల్ పందేలకు దేశం నుంచి డబ్బు పంపకూడదని భారత విదేశీ మారక నిబంధనల్లోనే రాసి ఉంది. అమ్మానాన్న బ్యాంకులో సంతకం పెట్టింది చదువుకు అని.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది వాట్సాప్ గ్రూపుల గురించి. ఊళ్లో తెలిసిన బుకీ ఐడి ఇస్తాడు, యూపీఐలో కడితే చాలు అంటారు. నమోదైన సైట్‌కి ఉండే రక్షణ దానికి ఏదీ లేదు. పైగా మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అంతకు ముందే రాష్ట్ర చట్టాలున్నాయి.

ఇంకో రకం కూడా చూశాను. గదిలో ఒకడు అందరి దగ్గరా డబ్బులు పోగుచేసి, పందేలు రాసుకుని, తన వాటా కింద కమీషన్ ఉంచుకుంటాడు. స్నేహితులిద్దరు తమలో తాము పందెం కాసుకుంటే ఈ దేశ చట్టం పట్టించుకోదు. కానీ కమీషన్ తీసుకున్నవాడు వ్యాపారం చేసినట్టే, అది బుక్‌మేకింగ్. క్రిమినల్ కోడ్ 202వ సెక్షన్ కింద తొలి నేరానికే రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇక్కడే పుట్టినవాడికి అది ఒక కేసు. స్టడీ పర్మిట్ మీదో వర్క్ పర్మిట్ మీదో ఉన్న మీకు, అలాంటి శిక్ష పడితే దేశంలో ఉండే అర్హతే పోతుంది. అలాగే మీ పేరుతో, మీ గుర్తింపు కాగితాలతో తెరిచిన ఖాతాను ఎంత దగ్గరివాడికైనా వాడుకోవడానికి ఇవ్వకండి. నెలకు రెండొందలు ఇస్తామని అడిగేవాళ్లుంటారు. ఆ ఖాతాలో నడిచిన ప్రతి డాలరుకూ జవాబుదారు మీరే.

ఇంత చెప్పినా ఆడతామంటే ముందు ఆ సైట్ ఐగేమింగ్ ఒంటారియో అనే ప్రభుత్వ సంస్థ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఖాతా తెరిచిన రోజే నెలకు ఇంతకంటే వేయలేనట్టు పరిమితి పెట్టుకోండి. ఓడిన రాత్రి అది పెట్టుకునే మనసు ఉండదు. ఆపలేకపోతున్నామనిపిస్తే సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అని ఉంటుంది, మిమ్మల్ని మీరే కొన్ని నెలలకో ఏళ్లకో నిషేధించుకోవచ్చు.

ఇప్పటికే అప్పుల్లో ఉన్నవాళ్లకు: 1-866-531-2600, ఇలాంటి సమస్యల్లో సాయం చేసే కనెక్స్ ఒంటారియో హెల్ప్‌లైన్ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, విషయం బయటికి పోదు. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. నాన్నకు ఎలా చెప్పాలన్న టెన్షన్‌తో నెలలు గడిపేవాళ్లను చూశాను. ఆ నెలల్లోనే అప్పు రెట్టింపవుతుంది. నాన్నకు చెప్పే ముందు ఈ నంబరుకు చెప్పండి, ఏం మాట్లాడాలో వాళ్లు దారి చూపిస్తారు. విండ్సర్‌లో ఉంటే మా ఇంటికి రండి. ఆదివారం పొద్దున తలుపు తీసే ఉంటుంది, మ్యాచ్ ఉన్నా లేకపోయినా.