ఈసీజీ తీసేటప్పుడు వీ1, వీ2 ఎక్కడ పెట్టాలో ఎలా గుర్తుపట్టాలి?

ట్రైనింగ్‌లో ఉన్నానని, చనుమొనల్ని చూసుకుని చెస్ట్ లీడ్లు (ఛాతీ మీద పెట్టే వీ1 నుంచి వీ6 దాకా ఆరు) పెడుతున్నానని, డాక్టరు గారు మాటిమాటికీ మళ్లీ తీయమంటున్నారని రాశారు. నేను కార్డియాలజీ ఓపీలో ఈసీజీలు తీస్తుంటాను. చనుమొనల్ని గుర్తుగా పెట్టుకోవడం ఈ రోజే మానేయండి. అవి ఒక్కొక్కరికి ఒక్కో చోట ఉంటాయి, ఆడవాళ్లకైతే ఆ లెక్క అసలే పనికిరాదు. వేలితో తడిమి ఎముకను పట్టుకోవాలి.

గొంతు కింద గుంట నుంచి రొమ్ము ఎముక మీదుగా వేలిని మెల్లగా కిందికి జరపండి. కొద్దిగా దిగాక అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. దానికి అతుక్కుని ఉండేదే రెండో పక్కటెముక, దానికీ మూడో పక్కటెముకకూ మధ్య ఉండే ఖాళీ రెండో సందు. అక్కడి నుంచి నాలుగో సందు దాకా లెక్కపెట్టుకోండి. రొమ్ము ఎముకకు ఆనుకుని పేషెంట్ కుడివైపు వీ1, ఎడమవైపు వీ2. వీ3 కంటే ముందు వీ4 పెట్టేయండి: ఐదో సందులో, కాలర్ బోన్ మధ్యకు సరిగ్గా కింద. వీ2, వీ4లకు నడుమ వీ3. వీ5, వీ6 పక్కటెముక వంపు వెంట పైకి పోకూడదు. వీ4 ఉన్న మట్టంలోనే, చంక ముందు మడతకు సూటిగా వీ5, చంక నడిమికి సూటిగా వీ6.

చాలామంది వీ1, వీ2లను పైన, రెండో మూడో సందులో పెట్టేస్తారు. ఆ మధ్య ఒక పెద్దాయన వేరే చోట తీసిన గ్రాఫ్ తెచ్చారు. వీ1లో చిన్న ఆర్ (పైకి లేచే గీత), ఎస్ (ఆ తర్వాత కిందికి దిగే గీత), మళ్లీ ఇంకో ఆర్, పైగా వాటికి ముందు వచ్చే చిన్న అల, అంటే పీ వేవ్, తలకిందులు. గుండెలో బ్లాక్ అన్నారట, టెన్షన్‌తో ఆయనకు నిద్ర లేదు. నాలుగో సందులో పెట్టి తీస్తే రెండో ఆర్ లేనే లేదు, పీ నిటారుగా వచ్చింది. పైన పెడితే ఒక్కోసారి పాత హార్ట్ ఎటాక్ ఉన్నట్టు కూడా కనిపిస్తుంది. అంగుళం తేడాకు ఒక మనిషి అంత భయపడాల్సి రావడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

చేతులకు, కాళ్లకు: కుడి చేయి ఎరుపు, ఎడమ చేయి పసుపు, ఎడమ కాలు ఆకుపచ్చ, కుడి కాలు నలుపు. అమెరికన్ రంగుల కేబుల్‌లో ఇవి మారిపోతాయి, కాబట్టి వైరు మీది అక్షరం చదవండి. లీడ్ 1 (రెండు చేతుల మధ్య తీసే గ్రాఫ్) మొత్తం తలకిందులుగా వస్తే ముందు చేతుల వైర్లు మారాయేమో చూడండి. అవి సరిగ్గానే ఉండి, ఆర్ వేవ్ వీ1 నుంచి వీ6కి పెరగాల్సింది పోయి తగ్గుతూ వస్తుంటే గుండె కుడివైపు ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పండి.

జెల్ ఛాతీకి అంటించే ఒక్కో రబ్బరు బల్బుకు విడివిడిగా రాయాలి. పట్టీలా పూసేస్తే పక్కపక్క లీడ్లు కలిసిపోతాయి. ఆడవాళ్లకు ముందే "అమ్మా, ఇక్కడ బల్బులు పెడతాను, నొప్పేమీ ఉండదు" అని చెప్పి, దుప్పటి కప్పి, తోడుగా ఒక సిస్టర్‌ను ఉంచుకోండి. మొహమాటానికి పోయి వీ4ను రొమ్ము పైన పెట్టొద్దు. రొమ్మును కాస్త ఎత్తమని ఆవిడనే అడిగి, కింద పెట్టండి.

వార్డులో ఒకే పేషెంట్‌కు పదేపదే తీయాల్సి వస్తే, మొదటిసారే పెన్నుతో గుర్తులు పెట్టేయండి. కట్టు వల్లో గాయం వల్లో లీడ్ జరపాల్సి వస్తే ఎక్కడ పెట్టారో గ్రాఫ్ మీదే రాయండి. చదివే డాక్టరుకు అది తెలియాలి.