సైకిలుకు లైటు లేకపోతే పరిహారం రాదా?

ప్రశ్న: మా నాన్నగారు తిరుచానూరు నుంచి తిరుపతికి సైకిలు మీద పాలు తెచ్చి ఇళ్లకు పోస్తారు. గత నెలలో తెల్లవారుజామున ఒక కారు వెనకనుంచి ఢీకొట్టడంతో ఆయన కాలి ఎముక విరిగింది. పోలీసు కేసు నమోదైంది. సైకిలుకు లైటు లేదు, తలకు హెల్మెట్ లేదు కనుక కోర్టుకెళ్లినా ఏమీ రాదంటూ, కారు యజమాని తరఫువారు కొంత డబ్బిచ్చి రాజీ కాగితం మీద సంతకం అడుగుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తిరుచానూరు

జవాబు: ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సైకిలు మోటారు వాహనం కాదు కనుక దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా అక్కరలేదు. హెల్మెట్‌ను తప్పనిసరి చేసిన 129వ సెక్షన్ మోటారుసైకిళ్ల మీద వెళ్లేవారికే వర్తిస్తుంది. అయినా, కాలు విరిగిన కేసులో హెల్మెట్ మాట ఎత్తడమే విడ్డూరం.

లైటు సంగతిని మాత్రం అంత తేలిగ్గా తోసిపుచ్చలేము. బాధితుడి నిర్లక్ష్యం కూడా ప్రమాదానికి కొంత కారణమని ట్రిబ్యునల్ (వాహన ప్రమాదాల పరిహారం కేసులు విచారించే న్యాయస్థానం) తేల్చితే, ఆ మేరకు పరిహారం తగ్గుతుందే తప్ప హక్కు మొత్తంగా పోదు. ఆ నిర్లక్ష్యాన్ని రుజువు చేయవలసిన భారం కూడా దాన్ని ఆరోపించేవారిదే. మోటారుసైకిలు మీద ముగ్గురు వెళ్లిన ఒక కేసులో, నియమాన్ని ఉల్లంఘించినంత మాత్రాన సరిపోదని, ఆ ఉల్లంఘన ప్రమాదానికో దాని తీవ్రతకో కారణమై ఉండాలని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. మీ నాన్నగారి విషయంలోనూ ఇదే తర్కం వినిపించవచ్చు. ఢీకొట్టిన చోట వీధిదీపం వెలుగుతూ ఉండి, కారు హెడ్‌లైట్ల వెలుతురులో ముందున్న సైకిలు కనిపించే వీలుంటే, లైటు లేదన్న వాదనకు బలం తగ్గుతుంది. చిమ్మచీకటి అయితే కొంత కోత పడవచ్చు. అందుకే వంగిన వెనక చక్రాన్ని, సొట్టపడిన పాలక్యాన్లను బాగు చేయించకుండా ఫొటోలు తీయించి అలాగే ఉంచండి. దెబ్బ ఏ వైపు నుంచి తగిలిందో అవే చెబుతాయి. ఎఫ్‌ఐఆర్, పంచనామా, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి ఆసుపత్రి డాక్టరు ఇచ్చే పత్రం) నకళ్లు కూడా తీసుకోండి.

ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రగాయమే. 164వ సెక్షన్ కింద, ఎవరి తప్పో నిరూపించనక్కరలేకుండానే, తీవ్రగాయానికి రెండున్నర లక్షల రూపాయలు ఇవ్వవలసిన బాధ్యత వాహన యజమాని మీద లేదా బీమా సంస్థ మీద ఉంటుంది. అయితే బీమా సంస్థతో పరిష్కారం కుదిరి ఆ మొత్తం పుచ్చుకుంటే, 166వ సెక్షన్ కింద, అవతలివారి తప్పు నిరూపించి పూర్తి పరిహారం కోరుతూ ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ రద్దవుతుంది. ఆయన మళ్లీ సైకిలు తొక్కలేని పరిస్థితి ఉంటే, సంపాదన నష్టం కూడా లెక్కకు వచ్చే 166వ సెక్షనే మేలని నా అభిప్రాయం. రోజుకు ఎన్ని లీటర్లు పోసేవారో వాడుక ఇళ్లవారి సాక్ష్యం, వాళ్లు క్యాలెండర్ మీద వేసుకున్న పాలలెక్క సంపాదనకు ఆధారమవుతాయి. పిటిషన్‌కు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు గడువు. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో వివాదం ఉంది కదా అని ఆలస్యం చేయకండి. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. అర్హులకు ఉచితంగా వకీలును పెడతారు.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అమ్మాయి బ్యాటరీ సైకిలు అడుగుతోంది. లైసెన్సు కావాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండేలా ఆమోదం పొందిన బండి మోటారు వాహనం కిందికి రాదు, లైసెన్సు అక్కరలేదు. దుకాణదారు మాట నమ్మి ఊరుకోక, ఆమోద పత్రం చూపమనండి. వేగం పెరిగేలా మార్పించిన బండికి ఈ మినహాయింపు ఉండదు. అప్పుడు మైనరు నడిపితే, 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు.