బిల్లు ఎవరు చూస్తారో ముందు ఆలోచించు

చిరంజీవి చిన్నూకి పెద్దమ్మ ఆశీస్సులు.

కాలేజీ ఖర్చుకి ఏ స్కాలర్‌షిప్పులకి దరఖాస్తు పెట్టాలని నువ్వు అడిగింది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. నువ్వు గే అన్న సంగతి స్కూల్లో నలుగురికి తెలుసు, ఇంట్లో ఎవరికీ తెలీదు అన్నావు. మీ అమ్మ నా సొంత చెల్లెలే అయినా నా నోటి నుంచి ఈ మాట దానికి చేరదు. చెప్పడం, చెప్పకపోవడం, ఎప్పుడు చెప్పడం అన్నీ నీ ఇష్టం. నేను డబ్బు గురించే మాట్లాడతాను. రిటైరయ్యేదాకా కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేసినదాన్ని, ఆ విషయంలో నా మాట కాస్త విను.

నువ్వు పంపిన లిస్టు చూశాను. అన్నీ ఎల్‌జీబీటీ విద్యార్థుల స్కాలర్‌షిప్పులే. మంచివే, కొన్నిటి గురించి కింద రాశాను. కానీ నువ్వు తోక వైపు నుంచి మొదలుపెట్టావు. కాలేజీ ఖర్చులో పెద్ద భాగాన్ని మోసేది అవి కాదు. ఫాఫ్సా అని ప్రభుత్వ సాయం కోసం వేసే ఫారం మీద వచ్చే ఫెడరల్, స్టేట్ సాయం ఒకటి, కాలేజీ తన సొంత నిధుల్లోంచి ఇచ్చే గ్రాంటు, మెరిట్ డబ్బు ఇంకొకటి. అసలు డబ్బంతా ఆ రెండు చోట్లే ఉంది. బయటి స్కాలర్‌షిప్పులు ఆ తర్వాత మిగిలిన గుంటను పూడ్చడానికి పనికొస్తాయి. పేరు చూసి ‘ఇది నాకోసమే పెట్టారు’ అని వాటి వెంట పడి, అందరూ వేసే ఫారాన్ని ఆఖరి వారానికి తోసేసిన పిల్లల్ని ఆఫీసులో చాలామందిని చూశాను.

ఫాఫ్సా మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్ సైటులోనే వెయ్యాలి, పైసా కట్టక్కర్లేదు. నీకొక అకౌంటు, మీ అమ్మానాన్నల్లో ఒకరికి ఒక అకౌంటు కావాలి. వాళ్లిద్దరూ టాక్స్ కలిపి వేస్తారు కాబట్టి ఒకరు చాలు. టాక్స్ శాఖ ఐఆర్ఎస్ నుంచి లెక్కలు తెచ్చుకోవడానికి నువ్వూ, ఆ ఒక్కరూ ఒప్పుకుంటున్నట్టు టిక్కు పెట్టాలి. అది పెట్టకపోతే ఫారం వేసినా ఫెడరల్ సాయం రాదు. నీ పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అలాగే రాయి. నువ్వు గేవా అని ఆ ఫారంలో ఎక్కడా అడగరు, ఆ టెన్షన్ వద్దు. మీకు గ్రీన్ కార్డులు వచ్చాయి కాబట్టి నీకు అర్హత ఉంది. హెచ్-4 డిపెండెంటు వీసా మీద ఉన్న నీ ఫ్రెండుకి ఫెడరల్ సాయం రాదు. మీ వాషింగ్టన్ స్టేట్లో ఫాఫ్సా వెయ్యలేనివాళ్లకి వాస్ఫా అనే స్టేట్ ఫారం వేరే ఉంది, తనకి వర్తిస్తుందేమో స్కూల్ కౌన్సెలర్‌ని అడగమని చెప్పు.

ఇక మీ ఇంటి సంగతి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇద్దరివీ మంచి జీతాలు. తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం పెల్ గ్రాంటు గరిష్ఠంగా 7,395 డాలర్లు (2025-26 లెక్క), అది ఆదాయం తక్కువ ఉన్న ఇళ్లకి. నీకు రాదు. కాగితం మీద నువ్వు డబ్బున్న పిల్లాడివి. రేపు ఏదో గొడవై ‘మేం ఫీజు కట్టం’ అని వాళ్లంటే నీ చేతిలో డబ్బు ఉండదు, కానీ కాగితం మాత్రం మారదు. తల్లిదండ్రులు డబ్బివ్వం అన్నంత మాత్రాన, ఫారం నింపం అన్నంత మాత్రాన నిన్ను స్వతంత్రుడిగా, అంటే వాళ్ల ఆదాయం కలపకుండా, లెక్కకట్టరు. వాళ్లు ఫారం అసలు నింపనంటే నీకు దక్కేది చదువుతుండగానే వడ్డీ పెరిగే అన్‌సబ్సిడైజ్డ్ లోను ఒక్కటే, అదీ మొదటి ఏడాది 5,500 డాలర్ల వరకే. మన తెలుగు ఇళ్లలో పిల్లలకి వచ్చే అసలు చిక్కు ఇదే. ‘మా పేరెంట్స్‌కి డబ్బుంది, నాకు ఏ ఎయిడ్ అక్కర్లేదు’ అనుకుంటారు. ఆ డబ్బు వచ్చే దారి ఎవరి చేతిలో ఉందో ఆలోచించరు.

అందుకని కాలేజీలు ఎంచుకునేటప్పుడే ఒక ప్రశ్న వేసుకో: ఇంటి నుంచి ఒక్క డాలరు రాకపోయినా నేను ఇక్కడ ఈదగలనా? ప్రతి కాలేజీకీ కాకపోయినా లిస్టులో రెండిటికైనా జవాబు ‘అవును’ అని ఉండాలి. మీ స్టేట్ యూనివర్సిటీలు ఉండనే ఉన్నాయి. ఆదాయంతో పని లేకుండా మార్కుల మీద మెరిట్ డబ్బిచ్చే కాలేజీలు చాలా ఉన్నాయి, పేరు మోసినవి కాకపోవచ్చు. పడమటి రాష్ట్రాల మధ్య వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్ అని ఒక ఏర్పాటుంది. అందులో ఉన్న పక్క రాష్ట్రపు కాలేజీ ఆ స్కీము కింద తీసుకుంటే, అక్కడి స్థానికులు కట్టే ట్యూషన్‌కి ఒకటిన్నర రెట్లకి మించి నీ దగ్గర తీసుకోదు. ప్రతి కాలేజీ వెబ్‌సైటులోనూ సాయం పోగా నీకు పడే ఖర్చు అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, చట్ట ప్రకారం ఉండి తీరాలి. దరఖాస్తు పెట్టకముందే అందులో మీ ఇంటి లెక్కలు వేసి చూడు. మీ నాన్నకి ఐవీ లీగ్ మోజుందని నాకు తెలుసు. ఆ కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇవ్వవు, ఆదాయం చూసే ఇస్తాయి. నీ పరిస్థితిలో అది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

అంత దూరం రాదనే నా నమ్మకం. మీ అమ్మ నిన్ను వదులుకునే మనిషి కాదు. ఏడుస్తుంది, గుళ్ల చుట్టూ తిరుగుతుంది, నాకు ఫోన్ చేసి గంటలు గంటలు మాట్లాడుతుంది. మీ నాన్న గురించి మాత్రం నేను పూచీ పడలేను. అయినా, నిజంగా ఇంటి నుంచి వెళ్లగొట్టే పరిస్థితి వస్తే ఏం చెయ్యాలో తెలిసి ఉండాలి. తల్లిదండ్రులతో సంబంధం తెగిపోయినవాళ్లు, ఇంట్లో ఉండటం ప్రమాదమైనవాళ్లు ఫాఫ్సాలో ‘అసాధారణ పరిస్థితులు’ అన్న ప్రశ్నకి అవునని పెట్టి, అమ్మానాన్నల వివరాలు లేకుండానే ఫారం పంపొచ్చు. అప్పటికి తాత్కాలికంగా స్వతంత్రుడిగా లెక్కిస్తారు, తుది నిర్ణయం మాత్రం కాలేజీ ఎయిడ్ ఆఫీసుది. వాళ్లకి రుజువులు కావాలి: నిన్ను ఎరిగిన కౌన్సెలర్, టీచరు, సోషల్ వర్కర్ రాసిన ఉత్తరాల్లాంటివి. ఉండటానికి చోటు లేక ఈ వారం ఒక ఫ్రెండు ఇంట్లో, వచ్చే వారం ఇంకొకరి సోఫా మీద పడుకోవడం కూడా ఆ లెక్కలో ఇల్లు లేనట్టే. ఆ సంగతి ధ్రువీకరించడానికి నీ స్కూల్ డిస్ట్రిక్టులో అందుకోసమే నియమించిన మనిషి ఉంటారు. ఒకసారి స్వతంత్రుడని తేల్చాక, పరిస్థితి మారితే తప్ప ఆ కాలేజీ మరుసటి ఏడు కూడా అలాగే లెక్కిస్తుంది. ఒకటి చెప్పనా? ఇలాంటి పిల్లలు ఆఫీసుకొచ్చి మొదట సిగ్గుపడి అసలు విషయం చెప్పరు, ‘ఫారంలో ఏదో ప్రాబ్లం ఉంది’ అంటారు. కౌంటరు దగ్గర అందరి ముందూ చెప్పక్కర్లేదు. ‘డిపెండెన్సీ గురించి ఒక కౌన్సెలర్‌తో విడిగా మాట్లాడాలి’ అంటే చాలు, ఆఫీసులో వాళ్లకి అర్థమవుతుంది. అలాంటి స్థితి వస్తే ముందు మా ఇంటికి రా, ఫారం తర్వాత చూసుకుందాం.

ఇప్పుడు నీ లిస్టు. నీకు అన్నిటికన్నా దగ్గరివి రెండు కనిపిస్తున్నాయి. సియాటిల్‌లోని ప్రైడ్ ఫౌండేషన్ 1985 నుంచి ఉంది. వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో, మోంటానా, అలాస్కా విద్యార్థుల కోసం. ఒక్క దరఖాస్తు పెడితే వాళ్ల దగ్గరున్న పదుల స్కాలర్‌షిప్పుల్లో నీకు సరిపోయేవాటికి వాళ్లే పరిశీలిస్తారు. రెండోది జీఎస్‌బీఏ, సియాటిల్‌లో 1981లో మొదలైన ఎల్‌జీబీటీ వ్యాపారస్తుల సంఘం. ఇది ఎల్‌జీబీటీ విద్యార్థులకే కాదు, వాళ్ల పక్షాన నిలబడే మిగతావాళ్లకి కూడా ఇస్తుంది. నీకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఎవరైనా ఆ పేరు చూసినా నువ్వు ఫలానా అని దాన్నిబట్టి తేలదు. 1973లో ఎల్‌జీబీటీ పిల్లల తల్లిదండ్రులు మొదలుపెట్టిన పీఎఫ్‌లాగ్‌కి చాలా ఊళ్లలో శాఖలున్నాయి, కొన్ని శాఖలు సొంతంగా స్కాలర్‌షిప్పులిస్తాయి. దేశం మొత్తానికి పెద్దది పాయింట్ ఫౌండేషన్, 2001లో పెట్టారు. డబ్బుతో పాటు మెంటర్‌ని కూడా చూసిపెడతారు, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. సైన్సు, ఇంజినీరింగు చదివేవాళ్లకి ఔట్ టు ఇన్నోవేట్ ఉంది. పోటీ గురించి నా అభిప్రాయం అడిగితే, దేశమంతా పోటీపడే ఒక పెద్దదాని కన్నా నీ జిల్లాకో నీ స్కూలుకో పరిమితమైన రెండు చిన్నవి మేలు.

పాత లిస్టుల్ని నమ్మకు. టెక్సాస్‌లో స్టేట్ యూనివర్సిటీల డైవర్సిటీ ఆఫీసుల్ని నిషేధించిన ఎస్‌బీ 17 అనే చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చాక స్టేట్ యూనివర్సిటీల్లో ఎల్‌జీబీటీ సెంటర్లు మూతపడ్డాయి. కాబట్టి ఏ స్కాలర్‌షిప్పైనా ఈ ఏడాది ఉందో లేదో ఇచ్చేవాళ్ల సైటులోనే చూడు. ఎల్‌జీబీటీ విద్యార్థులకి కాలేజీ వాతావరణం ఎలా ఉంటుందో క్యాంపస్ ప్రైడ్ ఇండెక్సులో మార్కులు కనిపిస్తాయి. ఆ ప్రశ్నలకి జవాబులిచ్చేది కాలేజీలే కాబట్టి వాటిని ఆ మేరకే నమ్ము. దరఖాస్తు ఫీజు అడిగినా, స్కాలర్‌షిప్పు గ్యారంటీ అన్నా, బ్యాంకు నంబరు అడిగినా ఇంక ఆ సైటు వైపు వెళ్లకు.

దరఖాస్తు పెట్టేముందు ఒకటి చూసుకో. స్కాలర్‌షిప్పు డబ్బు చాలావరకు నీ చేతికి రాదు, నేరుగా కాలేజీకి వెళ్తుంది. కాలేజీ దాన్ని నీ అకౌంటులో ఒక లైనుగా చూపిస్తుంది, ఇచ్చినవాళ్ల పేరుతో సహా. ఫీజు కట్టడానికి మీ నాన్నకి ఆ పోర్టల్ లాగిన్ ఇచ్చావనుకో, బిల్లులో ‘ప్రైడ్ ఫౌండేషన్’ అని ఆయనకి కనిపిస్తుంది. అందుకని స్కాలర్‌షిప్పు ఇచ్చేవాళ్లకి ముందే ఈమెయిల్ రాయి: చెక్కు మీద, కాలేజీకి పంపే ఉత్తరంలో ఏ పేరుంటుంది, నా పేరూ ఫోటో వెబ్‌సైటులో పెట్టకుండా ఉంచగలరా, ఇంటికి పోస్టులో ఏమైనా వస్తుందా అని. ఇవి వాళ్లు చాలాసార్లు విన్న ప్రశ్నలే, ఏమీ అనుకోరు. దరఖాస్తులకి వేరే ఈమెయిల్ పెట్టుకో, ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్‌లో అది తెరవకు. కాలేజీలో చేరాక నీ రికార్డుల మీద హక్కు, విద్యార్థుల రికార్డుల్ని గోప్యంగా ఉంచే ఫెర్పా చట్టం ప్రకారం నీది. కానీ అమ్మానాన్నలు టాక్సులో నిన్ను డిపెండెంటుగా చూపిస్తే, నీ అనుమతి లేకుండానే కాలేజీ వాళ్లకి వివరాలు చెప్పొచ్చు. చెప్పి తీరాలని లేదు, చెప్పే వీలుంది. ఇవన్నీ చూసుకున్నాక, వెయ్యి డాలర్ల కోసం ఈ రిస్కు ఎందుకనిపిస్తే ఆ దరఖాస్తు వదిలెయ్. నేనైతే తప్పు పట్టను. బయటపడటానికి నువ్వు సిద్ధంగా లేనప్పుడు ఏ స్కాలర్‌షిప్పూ అంత ఖరీదైనది కాదు.

ఇంకో చిక్కు. బయటి స్కాలర్‌షిప్పు వచ్చిందని చెప్పగానే కొన్ని కాలేజీలు తాము ఇచ్చే గ్రాంటులో అంత మేరకు కోస్తాయి. నువ్వు కష్టపడి తెచ్చుకున్నా నీకు మిగిలేది సున్నా. మేరీల్యాండ్ 2017లోనే స్టేట్ కాలేజీల్లో దీనికి చట్టంతో అడ్డుకట్ట వేసింది. ఆ తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేశాయి, అవి లేని చోట్ల కాలేజీని బట్టి ఉంటుంది. ‘ముందు లోను తగ్గిస్తారా, గ్రాంటు తగ్గిస్తారా’ అని అడుగు, జవాబు ఈమెయిల్లో తెప్పించుకో. స్కాలర్‌షిప్పు డబ్బు ట్యూషన్‌కి, కోర్సుకి తప్పనిసరైన పుస్తకాలకి పోతే టాక్సు లేదు. హాస్టలు, భోజనాలకి వాడితే అది ఆదాయం కిందకి వస్తుంది.

వ్యాసం సంగతి. నువ్వు పంపిన డ్రాఫ్టులో మొదటి పేజీ అంతా బాధే. చదివి నాకు కళ్లు తడిశాయి గానీ, కమిటీలో కూర్చున్నవాళ్లు అలాంటివి ఆ రోజే ఎన్నో చదివి ఉంటారు. ఎవరు ఎక్కువ బాధపడ్డారని వాళ్లు కొలవరు, ఆ బాధ మధ్య నువ్వేం చేశావని వెతుకుతారు. మీ స్కూల్లో ఎల్‌జీబీటీ పిల్లలు, వాళ్లకి తోడుండేవాళ్లు కలిసే జీఎస్ఏ క్లబ్బులో కొత్తగా వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లాడు మాట్లాడక మూల కూర్చుంటే, నువ్వు వాడికి చెస్ బోర్డు తెచ్చి పెట్టావని ఒకసారి చెప్పావు. ఆ తర్వాత క్లబ్బులో శుక్రవారాలు చెస్ అలవాటైందన్నావు. అది డ్రాఫ్టులో ఎక్కడా లేదేం? దాన్ని ముందుకు తీసుకురా. ఇంట్లో చెప్పలేదన్న సంగతి ఒక్క వాక్యంలో రాస్తే సరిపోతుంది, అమ్మానాన్నల్ని విలన్లుగా చూపించకు. నీకు తెలీని రేపటి గురించి ముందే తీర్పు చెప్పినట్టవుతుంది. రికమండేషన్ ఎవరినడిగినా, అది ఏ స్కాలర్‌షిప్పో, ఇంట్లో తెలీదన్న సంగతీ ముందే చెప్పు. లేకపోతే ఆ టీచరే పేరెంట్స్ మీటింగులో మీ అమ్మకి సంతోషంగా చెప్పేయగలరు.

ఈ వారం చెయ్యాల్సింది ఒక్కటే: ఫాఫ్సా అకౌంటు తెరువు, మీ అమ్మ చేత కూడా తెరిపించు. డ్రాఫ్టు తిరగరాశాక పంపు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో కాదురా నాన్నా, నాకు విడిగా.

ప్రేమతో,
పెద్దమ్మ