నాన్నగారికి మాట తట్టడం లేదు, నీళ్లు పొలమారుతున్నాయి... స్పీచ్ థెరపీతో లాభముందా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. రెండేళ్ల కిందట అల్జీమర్స్ అని తేల్చారు. మాట కోసం వెతుక్కుంటారు, అడిగిందే అడుగుతారు. నెల రోజులుగా నీళ్లు తాగితే పొలమారుతోంది. స్పీచ్ థెరపిస్టుకు చూపించమన్నారు. అన్నీ మరిచిపోతున్న మనిషికి మాటలు నేర్పి ఏం లాభం?
– ఓ పాఠకురాలు, తెనాలి

డాక్టర్ సలహా: పోయిన మాటలు మళ్లీ నేర్పడానికి కాదు ఈ థెరపీ. జబ్బునూ ఆపలేదు. మిగిలిన మాటను వీలైనన్నాళ్లు వాడుకోనిస్తుంది, మింగడంలో ప్రమాదాన్ని తగ్గిస్తుంది.

నీళ్లు పొలమారుతున్నాయన్నారే, అదే ముందు చూడాల్సిన సంగతి. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం. ఈ జబ్బులో అలా వదిలేయకూడదు. నీళ్లు పలుచన కాబట్టి శ్వాసమార్గం మూసుకునేలోపే జారిపోతాయి. ఊపిరితిత్తుల్లోకి చేరితే న్యుమోనియా రావచ్చు. థెరపిస్టు మింగే తీరును పరీక్షించేదాకా నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. తల వెనక్కి వాల్చి, చెంబు ఎత్తి తాగే అలవాటుంటే మాన్పించండి. తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు. మెతుకులూ నీళ్లూ కలిసిన చారన్నం, మజ్జిగన్నం కష్టం; గట్టి పెరుగుతో మెత్తగా పిసికిన అన్నం నయం. నీళ్లను చిక్కబరిచే పొడి సొంతంగా మొదలుపెట్టొద్దు. రుచించక తాగడం తగ్గిస్తే ఒంట్లో నీరు తగ్గి అయోమయం పెరుగుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు, తాగాక గొంతు గరగరలాడుతుందంతే. జ్వరం, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అడిగిందే అడగడానికి ‘స్పేస్డ్ రిట్రీవల్’ అనే పద్ధతి ఉంది. అంటే వ్యవధి పెంచుకుంటూ ఒకే జవాబును మళ్లీ మళ్లీ చెప్పించడం. ఒక్క జవాబే ఎంచుకోవాలి. ‘‘ఇవాళ ఏ వారమో ఎలా తెలుస్తుంది?’’ అంటే ‘‘క్యాలెండర్ చూస్తాను’’. ఒకసారి అనిపించి 15 సెకన్లకు, తర్వాత 30 సెకన్లకు, ఆపై 1, 2, 4, 8 నిమిషాలకు అడగాలి. మధ్యలో మామూలు కబుర్లే. తడబడితే ‘‘గుర్తు తెచ్చుకోండి’’ అని పీడించకండి, ఊహించి చెప్పిన తప్పే మనసులో నాటుకుంటుంది. మీరే జవాబు చెప్పి, ఆయనతో అనిపించి, కిందటిసారి చెప్పగలిగిన వ్యవధికి వెనక్కి రండి.

‘‘ఏం తింటారు?’’ అనే కంటే ఇడ్లీ, ఉప్మా చూపించి ‘‘ఏది కావాలి?’’ అనండి. పది సెకన్లు ఆగండి. నలుగురూ తలోమాట అందిస్తే వెతుక్కుంటున్నదీ జారిపోతుంది. టీవీ కట్టేయండి. చెవిలో గులిమి, వినికిడి కూడా చూపించండి. అర్థం కావడం లేదనుకున్నది ఒక్కోసారి వినపడకపోవడమే.

థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. మాట ఉన్నట్టుండి పడిపోయినా, మూతి వంకర పోయినా అది పక్షవాతం కావచ్చు. థెరపీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.