కాల్షియం నార్మల్ అని మాత్రలు ఆపేయవచ్చా?

ప్రశ్న: బరువు తగ్గడానికి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ అయి ఏడాదిన్నర దాటింది. రక్తపరీక్షలో కాల్షియం నార్మల్‌గానే ఉంది. ఇక మాత్రలు మానేయవచ్చా?

జవాబు: దయచేసి మానకండి. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకల్లోంచి లాగి మరీ ఆ లోటు పూడుస్తుంది, అందుకే ఎముక కరుగుతున్నా రిపోర్టు మాత్రం బాగానే కనిపిస్తుంది. ఆ హార్మోన్, విటమిన్ డి పరీక్షలు కూడా చేయించారా? అసలు అవే ముఖ్యం. బైపాస్‌లో ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా వెళ్లిపోతుంది, కాల్షియం బాగా ఒంటబట్టేది అక్కడే. కాబట్టి ఇది జీవితాంతం ఉండే అవసరం. సాధారణంగా ఆహారం, మాత్రలు కలిపి రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి, అదీ ఒకేసారి కాదు, 500–600 చొప్పున విడివిడిగా. కడుపులో ఆమ్లం తగ్గినా ఒంటబట్టేది కాల్షియం సిట్రేట్, అది మేలు. ఐరన్ మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. నడక, బరువులెత్తే వ్యాయామం, తగినంత ప్రొటీన్ కూడా కావాలి. రెండేళ్లు నిండేసరికి డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష) గురించి మీ డాక్టరుని తప్పక అడగండి.