ఈమ్స్ దంపతుల ప్రదర్శనలో రే పనిని ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఫర్నిచర్ రూపకల్పనలో పేరుపొందిన అమెరికా డిజైనర్లు చార్ల్స్ ఈమ్స్, ఆయన భార్య రే ఈమ్స్ కలిసి చేసిన పనిమీద ఒక మ్యూజియంలో పెట్టిన ప్రదర్శనకు మీరు వెళ్లబోతున్నారు. రే పేరును ఆమె నిజంగా చేసిన పనినిబట్టి చేర్చారా, లేక ఈ కాలపు మర్యాదకోసం పక్కన అతికించారా అన్న అనుమానం మీకు ఉంది. ఏది ఎవరి పనో ప్రదర్శనలోనే పోల్చుకోవడానికి వీలుందా అని అడిగారు. కొంతవరకు వీలుంది, కాని కుర్చీలను చూసి కాదు.

ఈ మాట నాకు ఆలస్యంగా తెలిసింది. 2015 అక్టోబరులో లండన్‌లోని బార్బికన్ ఆర్ట్ గ్యాలరీలో వారి పనిమీద పెద్ద ప్రదర్శన మొదలైంది. మొదటిసారి వెళ్లినప్పుడు, పుస్తకాల్లో చూసి చూసి కళ్లకు అలవాటైన కుర్చీల దగ్గరే నా ఓపికంతా ఖర్చయిపోయింది. ఉత్తరాలు, ఫొటోలు, చిత్తు కాగితాల దగ్గరకు వచ్చేసరికి కాళ్లు పీకుతున్నాయి, మూసే వేళ కూడా అయింది. బయటకు వచ్చాక నా బుర్రలో మిగిలింది ‘ఆయన కుర్చీలు, ఆమె రంగులు’ అన్న పాత లెక్కే. రెండోసారి వరుస తిరగేసి చూశాను. ఆ లెక్క నిలవలేదు.

దాన్ని మొదట పడగొట్టింది కాలికి కట్టే ఒక బద్ద. దాని కథ కొంచెం వివరంగానే చెప్పాలి. వీరిద్దరికీ 1940లో మిషిగన్‌లోని క్రాన్‌బ్రూక్ కళా విద్యాలయంలో పరిచయమైంది. ఆ రోజుల్లోనే న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం నిర్వహించిన ఫర్నిచర్ పోటీకి చార్ల్స్, వాస్తుశిల్పి ఏరో సారినెన్ కలిసి పంపిన కుర్చీల నక్షాలు సిద్ధం చేయడంలో రే సాయపడ్డారు. ఆ కుర్చీలకు బహుమతి వచ్చింది కాని, ప్లైవుడ్‌ను ఒకేసారి రెండు దిక్కులా వంచి పెద్దయెత్తున తయారుచేసే పద్ధతి అప్పటికి ఎవరి చేతిలోనూ లేదు. 1941లో పెళ్లి చేసుకుని లాస్ ఏంజెలెస్ చేరిన ఈ జంట, ఆ పద్ధతిని కనిపెట్టాలని అద్దె ఇంట్లోనే ఒక యంత్రాన్ని కట్టుకుంది: ప్లాస్టర్ అచ్చు, దానిలో కరెంటు తీగలతో పుట్టే వేడి, జిగురు పూసి పేర్చిన పలుచని చెక్క పొరలు, వాటిని అచ్చుకు అదిమిపట్టే గాలితిత్తి, ఆ తిత్తిని నింపడానికి ఒక సైకిల్ పంపు. దానికి వారు ‘కజామ్’ అని పేరు పెట్టుకున్నారు. ఇంట్లో ఆ పంపు కొడుతూ గంటల తరబడి నిలబడ్డ ఇద్దరిలో ఎవరిది ఆలోచన, ఎవరిది చేయి అని విడదీయడం ఎవరితరం?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళానికి, దెబ్బతిన్న కాళ్లకు కట్టే బద్దలు కావలసి వచ్చాయి. అప్పటి లోహపు బద్దలు, గాయపడినవారిని మోసుకెళ్లేటప్పుడు అదిరి గాయాన్ని ఇంకా చెడగొట్టేవి. చార్ల్స్ తన కాలినే నమూనాగా పెట్టి అచ్చు తీశారు. యుద్ధం ముగిసేనాటికి సుమారు 1,50,000 ప్లైవుడ్ బద్దలు తయారయ్యాయి. ప్రదర్శనలో ఆ బద్ద ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మడమ దగ్గర చెక్క దోసిలిలా లోతుగా ఒంగి, పిక్క దగ్గర మెల్లగా విచ్చుకుంటుంది. దాని ఒంటిమీద ఉన్న రంధ్రాలు, పొడవాటి కోతలు అలంకారం కావు. రెండు దిక్కులా వంగే చెక్క పగలకుండా కాపాడేవీ అవే, కట్టు గుడ్డను దూర్చి బిగించడానికి పనికొచ్చేవీ అవే. రే న్యూయార్క్‌లో చిత్రకారుడు హాన్స్ హాఫ్‌మన్ దగ్గర ఏళ్ల తరబడి చిత్రలేఖనం నేర్చుకున్న అమూర్త చిత్రకారిణి. అదే పద్ధతిలో వంచిన ప్లైవుడ్‌తో ఆమె ఆ ఏళ్లలోనే శిల్పాలు కూడా చేశారు. ఆ శిల్పాల రూపాన్ని, ఈ బద్ద రూపాన్ని ఒకసారి పక్కపక్కన ఊహించుకోండి. సాంకేతికత ఆయనది, సౌందర్యం ఆమెది అని గీత గీయాలంటే ఆ చెక్కను నిలువునా చీల్చాలి.

అయినా గీత గీసేశారు. 1946లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వారి ప్లైవుడ్ కుర్చీలతో పెట్టిన ప్రదర్శన పేరులో చార్ల్స్ ఈమ్స్ ఒక్కరే ఉన్నారు. 1956లో కొత్త లౌంజ్ కుర్చీని టెలివిజన్‌లో పరిచయం చేసిన కార్యక్రమంలో ముందు చార్ల్స్‌ను కూర్చోబెట్టి, తరువాత రేను పిలిచి, విజయం సాధించిన పురుషుడి వెనుక సమర్థురాలైన స్త్రీ ఉంటుందన్న ధోరణిలో వ్యాఖ్యాత పరిచయం చేశారు. కాబట్టి ఇప్పటి మ్యూజియాలు ఇద్దరి పేర్లూ రాస్తున్నాయంటే అది కొత్తగా చేస్తున్న దయ కాదు, పాత తప్పును దిద్దుకోవడమే అని నా అభిప్రాయం.

ఈ సంగతి నన్ను ఇంతగా పట్టుకోవడానికి సొంత కారణం ఒకటి ఉంది. నేనూ మావారూ చాలా ఏళ్లుగా కలిసి చెక్క సామాన్లు, ఇంటి లోపలి అమరికలు గీసి చేయిస్తున్నాం. నక్షా మూలన ఉండే పేరు గడిలో ఎంతోకాలం ఆయన పేరొక్కటే ఉండేది. అది ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు, మొదట్లో పడిన పేరు అలాగే ఉండిపోయింది. ఒకసారి ఒక ఇంటాయన, నేను గీసిన అల్మారా నక్షాను నా ముందే బల్లమీద పరిచి, ప్రతి ప్రశ్నా మావారినే అడిగారు. మావారు ప్రతిసారీ నావైపు తిరగడం, నేను చెప్పిన జవాబునే ఆయన మళ్లీ అప్పజెప్పడం. ఇలా అరగంట నడిచింది. కాని ఆ అల్మారా పూర్తిగా నీదేనా అని నన్నడిగితే, కాదనే అంటాను. తలుపుల వెడల్పు తగ్గిద్దామన్నది ఆయన. ఆ ఒక్క మాటతో నేను వేసిన అరలన్నీ మారిపోయాయి. అందులో ఎవరి వాటా ఎంతో మాకే తెలియదు. పేరు గడిలో ఎవరెవరు ఉండాలో మాత్రం తెలుసు.

ఇద్దరి వాటా వెతికే తొందరలో మరొకటి మరిచిపోకూడదు. కాలిఫోర్నియాలోని వెనిస్‌లో వాషింగ్టన్ బూలెవార్డ్ మీద ఉన్న వారి కార్యాలయంలో ఇంకా చాలామంది పనిచేశారు. తరువాతి కాలంలో శిల్పిగా పేరుపొందిన హ్యారీ బెర్టోయా అక్కడ కొన్నేళ్లు పనిచేసి బయటకు వెళ్లినవారే. ఒక పేరును రెండుగా మార్చి న్యాయం పూర్తయిందనుకునే ప్రదర్శనను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. విచిత్రమేమిటంటే, ఈ విషయాన్ని ఈమ్స్ దంపతులే బాగా చెప్పారు. భారత ప్రభుత్వం కోరగా 1958లో వారు సమర్పించిన ‘ఇండియా రిపోర్ట్’లో, అన్నింటికంటే వారిని కదిలించిన వస్తువు మన చెంబు. అది చేతిలో ఎలా ఇముడుతుంది, తలమీదా నడుముమీదా ఎలా నిలుస్తుంది, నీళ్లు ఎలా జారతాయి అని వరుసగా ప్రశ్నలు వేసుకుంటూ పోయి, దీన్ని ఏ ఒక్కరూ రూపొందించలేదని, తరతరాల మనుషులు కలిసి చేశారని రాశారు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు బీజం ఆ నివేదికే.

ఇక మీరు వెళ్లినప్పుడు చేయవలసింది చెబుతాను. ముందుగా కాగితాలు ఉన్న చోటికి వెళ్లండి, ఓపిక ఉన్నప్పుడే. ‘ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్’ పత్రికకు 1940లలో రే వేసిన ముఖచిత్రాలు కనిపిస్తే ఆగండి. అక్కడి వంపులు పక్క గదిలోని ప్లైవుడ్‌లో మళ్లీ ఎదురవుతాయి. చుక్కల నమూనాతో ఆమె గీసిన వస్త్రం ఉంటే చూడండి. 1949లో లాస్ ఏంజెలెస్‌లోని పసిఫిక్ పాలిసేడ్స్‌లో కట్టుకున్న వారి ఇంటి ఫొటోల్లో ఉక్కు చట్రాన్ని మాత్రమే కాక, లోపల అలమరల్లో, నేలమీద, పైకప్పు నుంచి వేలాడుతూ ఉన్న వస్తువుల కూర్పును కూడా గమనించండి. ప్రతి వస్తువు కింద రాసిన వివరాల చీటీలో పేర్లతోపాటు సంవత్సరం చదవండి.

1978లో చార్ల్స్ పోయాక, 1988లో తాను మరణించేవరకు రే ఆ కార్యాలయపు కాగితాలను, ఫొటోలను వరుసపెట్టే పనిలోనే గడిపారు. వాటిలో అధికభాగం ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. అంటే ఇలాంటి ప్రదర్శనలో మనం చూసే కాగితాల్లో చాలావాటిని ఏరి దాచింది కూడా ఆమే. కుర్చీలను చివరికి ఉంచుకోండి. అవి మరెక్కడైనా దొరుకుతాయి.